పట్టాలు దాటితే నేరమట. మరి దారిని కోసినోళ్ళని ఏమనాలి?



ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 147. రైల్వే చట్టం, 1989లో ఇదొక సెక్షన్. అనుమతి లేకుండా రైల్వే స్థలంలో అడుగుపెడితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ప్రత్యేక కారణం ఉందని కోర్టు రాస్తే తప్ప జరిమానా 500కి తగ్గకూడదని కూడా అందులోనే ఉంది. రైల్వే స్థలం అంటే ఆ రెండు ఇనుప కడ్డీలే అనుకోకండి. కంచె గానీ హద్దురాయి గానీ ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా రైల్వే కిందే లెక్క.

ఇప్పుడు మన అనంతగిరి, అరకు కొండల్లో పట్టాల పక్కనున్న ఊళ్ళని తలుచుకోండి. ఇళ్ళు పట్టాలకి ఈ పక్క. పోడు చేను ఆ పక్క. నీళ్ళు తెచ్చుకునే ఊటగెడ్డ ఆ పక్క. కొన్ని ఊళ్ళకైతే సంతకి, ఆసుపత్రికి వెళ్ళాలంటే పట్టాల వెంబడి నడకే దగ్గర దారి. కర్రల మోపుతో దాటే అవ్వ, బిందెతో దాటే అక్క, పశువుల్ని తోలుకెళ్ళే తమ్ముడు, అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని సంతకి బయల్దేరిన అమ్మ. చట్టం లెక్కలో వీళ్ళందరూ రోజుకి రెండు నేరాలు చేస్తున్నారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పట్టాల మీద నిలబడి రీలు తీసుకునే టూరిస్టుకీ, డోలీలో గర్భిణిని మోసుకుంటూ పట్టాలు దాటే నలుగురికీ అదే సెక్షన్.

ఈ నేరానికి పెట్టిన పేరు "అతిక్రమణ". అంటే హద్దు మీరడం. ఎవరి హద్దు? ఎప్పుడు గీసిన హద్దు? ఎవరిని అడిగి గీసిన హద్దు? ఈ మూడు ప్రశ్నలూ ఏ కేసు కాగితంలోనూ కనపడవు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

దారి ముందా, రైలు ముందా?

కొత్తవలస–కిరండూల్ లైను సంగతి మనందరికీ తెలుసు. బస్తర్‌లోని బైలదిలా కొండల ఇనుపరాయిని విశాఖ రేవుకి దించి, ఓడల్లో జపాన్‌కి పంపడం కోసం 1960లలో వేసిన లైను. దాదాపు 446 కిలోమీటర్లు. యాభైకి పైగా సొరంగాలు. కొండల్ని తొలిచి వేసిన గొప్ప ఇంజనీరింగ్ అని పుస్తకాల్లో రాస్తారు. నిజమే, గొప్పదే. ఆ పట్టాల మీద 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తిరుగుతోంది. అందులో కూర్చుని మన కొండల్ని, మన చేల్ని చూసి మురిసిపోతారు.

మరి ఆ లైను వేసినప్పుడు ఆ కొండలు ఖాళీగా ఉన్నాయా? కొండదొరలు, కోందులు, పోర్జలు, గదబలు, కొటియలు అప్పటికే అక్కడ ఉన్నారు. ఊరి నుంచి ఊరికి, ఊరి నుంచి గెడ్డకి, గెడ్డ నుంచి మెట్టకి వాళ్ళ కాలిబాటలు ఉన్నాయి. ఆ బాటలకి సర్వే నంబరు లేదు, రికార్డు లేదు. లైను గీసినోళ్ళ మ్యాపులో అవి లేవు కాబట్టి అసలు లేనట్టే అయిపోయాయి. రైలు వచ్చి బాటని అడ్డంగా కోసింది. బాట మాత్రం ఆగలేదు. ఎందుకంటే చేను అవతలే ఉంది, నీళ్ళు అవతలే ఉన్నాయి.

మన భాషలో ఒక విచిత్రం చూడండి. భూమి హక్కు కాగితాన్నీ పట్టా అంటాం, రైలు నడిచే ఇనుప కడ్డీనీ పట్టా అంటాం. మన తాతలు పట్టాలు అడిగారు. ప్రభుత్వం పట్టాలు వేసింది. మొదటి రకం పట్టా ఇవ్వలేదు కాబట్టి, రెండో రకం పట్టా దాటితే నువ్వు అతిక్రమణదారుడివి.

చట్టంలోనే ఉంది, మనకి ఎవరూ చదివి వినిపించలేదు

147 మనకి బోర్డుల మీద కనపడుతుంది. అదే చట్టంలో 16 అనే సెక్షన్ కూడా ఉంది. అది ఏ బోర్డు మీదా కనపడదు.

సెక్షన్ 16 ఏం చెప్తోంది? రైలు మార్గం వేయడం వల్ల పక్క భూముల వాడకానికి అడ్డం కలిగితే, ఆ అడ్డం తీర్చడానికి కావలసిన క్రాసింగులు, వంతెనలు, కల్వర్టులు, దాటే దారులు రైల్వేయే కట్టాలి, రైల్వేయే బాగుచేయాలి. ఖర్చు రైల్వేదే. లైను వేస్తున్నప్పుడు గానీ వేసిన వెంటనే గానీ కట్టాలి. ఆ భూములతో సంబంధం ఉన్నోళ్ళకి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగేలా కట్టాలి. నీళ్ళు పారే దారులకి కూడా ఇదే నియమం. వీటిని అకామడేషన్ వర్క్స్ అంటారు. ఎక్కడ ఏది అవసరమో అభిప్రాయం చెప్పాల్సింది రాష్ట్ర ప్రభుత్వం.

ఇది 1989లో పుట్టిన కొత్త దయ కాదు. దానికి ముందున్న 1890 నాటి బ్రిటిష్ రైల్వే చట్టంలోనూ ఇదే నియమం ఉంది. అంటే మన కొండల్లో లైను వేసిన రోజు కూడా ఈ బాధ్యత చట్టంలో ఉంది. మరి మన ఊళ్ళ దగ్గర ఎన్ని దాటే దారులు అవసరమని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది? చెప్పి ఉంటే ఆ కాగితం ఏది? చెప్పకపోతే ఎందుకు చెప్పలేదు?

ఇందులో ఒక మెలిక ఉంది, అది కూడా తెలుసుకోవాలి. లైను మీద రాకపోకలు మొదలై పదేళ్ళు దాటాక, అదనపు దారులు కట్టాల్సిన బాధ్యత రైల్వేకి ఉండదని అదే సెక్షన్ అంటుంది. అంటే మన లైనుకి ఆ గడువు 1970లలోనే అయిపోయింది. చదువు లేని, రోడ్డు లేని, ఆఫీసు భాష తెలియని మనుషులకి పదేళ్ళ గడువు ఇచ్చారన్నమాట. గడువు ఉందని ఎవరూ చెప్పలేదు. గడువు దాటిపోయిందని మాత్రం ఇప్పుడు చెప్తారు.

సరే, గడువు పోతే దారి మూసుకుపోయినట్టేనా? కాదు. సెక్షన్ 17 చూడండి. రాష్ట్ర ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ తమ ఖర్చుతో రైల్వే చేత దారి కట్టించుకోవచ్చు. దీనికి గడువు లేదు, ఎప్పుడైనా అడగొచ్చు. అంటే బంతి ఇప్పుడు రాష్ట్రం చేతిలో ఉంది. గిరిజన సంక్షేమ నిధులు ఉన్నాయి, ఐటీడీఏ ఉంది, పంచాయతీ ఉంది. అడగాల్సింది వీళ్ళు. అడగకపోతే ఆ తప్పు నడిచేవాళ్ళది ఎలా అవుతుంది?

సెక్షన్ 18 కూడా ఉంది. ఫలానా చోట కంచె వేయండి, గేటు పెట్టండి, గేటుకి మనిషిని పెట్టండి అని రైల్వేని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది.

ఇప్పుడు లెక్క వేయండి. దారి కట్టాల్సింది రైల్వే. ఎక్కడ కట్టాలో చెప్పాల్సింది రాష్ట్రం. కంచెలు, గేట్లు వేయించగలిగింది కేంద్రం. ముగ్గురు పెద్దోళ్ళు. కేసు మాత్రం నాలుగోవాడి మీద, కట్టెల మోపు మోస్తున్నవాడి మీద. ఎవరైనా చనిపోతే ముగ్గురూ వస్తారు. రైల్వే మెమో ఇస్తుంది, పోలీసులు పంచనామా చేస్తారు, ఫైలు అసహజ మరణం కింద మూసేస్తారు. శవాన్ని లేపడానికి కలిసొచ్చే ప్రభుత్వాలు వంతెన కట్టడానికి ఎందుకు కలవవు?

ఏనుగుకి ఉన్న న్యాయం

కొందరికి ఈ మాట చేదుగా ఉంటుంది, అయినా చెప్తాను. అస్సాం, ఉత్తర బెంగాల్ అడవుల్లో రైలు మార్గాలు ఏనుగుల దారుల్ని కోస్తూ పోతాయి. ఏనుగులు రైలు కింద పడి చనిపోతుంటే దేశం బాధపడింది. ఆ చోట్ల రైళ్ళ వేగం తగ్గించారు. డ్రైవర్లకి హెచ్చరిక బోర్డులు పెట్టారు. పట్టాల వెంబడి కేబుల్ వేసి, ఏనుగు అడుగుల అదురుని కనిపెట్టి ముందే హెచ్చరించే గజరాజ్ అనే ఏర్పాటు కూడా తెచ్చారు. ఏనుగు మీద ఎవరూ 147 పెట్టలేదు. ఏనుగు దారి ముందు, రైలు తర్వాత అని ఒప్పుకున్నారు.

మంచిదే. ఏనుగు మన అడవి బిడ్డే, బతకాలి. ఏనుగు నడిచే చోటుని "కారిడార్" అని మర్యాదగా పిలుస్తున్నారు. మనం నడిచే చోటుకి ఆ పేరు ఎందుకు లేదు? "ఈ దారి మీకంటే ముందుది" అనే ఒక్క ముక్క ఏనుగు విషయంలో అర్థమైనవాళ్ళకి మనిషి విషయంలో ఎందుకు అర్థం కాదు?

ఔరంగాబాద్‌ని మరిచిపోకండి

2020 మే 8. లాక్‌డౌన్. మహారాష్ట్రలోని జాల్నాలో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే కూలీలు ఇంటికి పోవడానికి బండ్లు లేక, రైలు దొరుకుతుందన్న ఆశతో పట్టాల వెంబడి నడిచారు. అలసిపోయి, రైళ్ళు తిరగడం లేదు కదా అనుకుని పట్టాల మీదే పడుకున్నారు. తెల్లవారుజామున గూడ్సు బండి వచ్చింది. 16 మంది చనిపోయారు. మధ్యప్రదేశ్‌లోని ఉమరియా, షాడోల్ జిల్లాలవాళ్ళు. వాళ్ళలో చాలామంది గోండులు. మనోళ్ళు. పట్టాల మీద చెదిరిన రొట్టెల ఫోటో దేశమంతా చూసింది.

వారం తిరిగేసరికి సుప్రీంకోర్టులో ఒక మాట వచ్చింది: వాళ్ళు పోయి పట్టాల మీద పడుకుంటే ఎవరు మాత్రం ఆపగలరని.

ఆపగలిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. కూలీ ఇవ్వాల్సినవాళ్ళు, తిండి పెట్టాల్సినవాళ్ళు, బస్సు పెట్టాల్సినవాళ్ళు, నాలుగు గంటల ముందు చెప్పి ఊళ్ళకి తాళం వేసినవాళ్ళు. వాళ్ళెవరూ పట్టాల మీద లేరు, అందుకే ఎవరి పేరూ రాలేదు. పట్టాల మీద ఉన్నవాడి పేరే ఎప్పుడూ ముందు వస్తుంది. చివరి అడుగు ఎవరు వేశారో అని మాత్రమే చట్టం చూస్తుంది. ఆ అడుగు దాకా ఎవరు తోశారో చూడదు.

"డ్రైవర్ తప్పేంటి?" అని అడుగుతారు

అడగాలి. నేనే చెప్తాను: డ్రైవర్ తప్పు లేదు. వేల టన్నుల ఇనుపరాయి లాగే బండి బ్రేకు వేసిన చోట ఆగదు. ఆగడానికి చాలా దూరం పడుతుంది. ఘాట్‌లో, మలుపులో, సొరంగం బయట మనిషి కనపడేసరికే ఆలస్యం అయిపోతుంది. లోకో పైలట్లు కూడా నిద్రలేని ఉద్యోగులే. మన కోపం ఇంజన్ మీద రాళ్ళు వేయడానికి కాదు. అలా వేసినోళ్ళు పైలట్ తలకే గురి పెడుతున్నారు, రైల్వే బోర్డుకి అది తగలదు.

"మరి చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తాగి పట్టాల మీద నడిచేవాళ్ళ సంగతేంటి?" అది కూడా నిజమే. అలాంటివాళ్ళని మన ఊళ్ళోనే మనమే ఆపాలి. పిల్లలకి చెప్పాలి, సొరంగంలోకి పోనివ్వకూడదు. కానీ ఆ ఒక్కడిని చూపించి, నీళ్ళకి పోయే వంద మందిని అదే గాటన కట్టేయడం న్యాయం కాదు. "అవగాహన సదస్సు" పెట్టి, బిస్కెట్లు పంచి, "పట్టాలు దాటకండి" అని చెప్పి వెళ్ళిపోతారు. దాటకుండా చేనుకి ఎలా పోవాలో ఆ సదస్సులో ఎవరూ చెప్పరు.

ఇది మన ఒక్కళ్ళ ఏడుపు కూడా కాదు. అనిల్ కకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన రైల్వే భద్రత నివేదికలో, పట్టాలు దాటుతూ ఏటా దాదాపు 15,000 మంది చనిపోతున్నారని రాసింది. అందులో దాదాపు 6,000 మంది ఒక్క ముంబై లోకల్ రైళ్ళ కిందే. నాగరిక సమాజం ఏదీ ఇలాంటి ఊచకోతని ఒప్పుకోదని కూడా అంది. అయినా రైల్వే ప్రమాదాల లెక్కల్లో ఈ చావులు రావు. ఎందుకంటే వాళ్ళు అతిక్రమణదారులు. ముందు పేరు పెట్టు, తర్వాత లెక్కలోంచి తీసెయ్యి. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని లెవెల్ క్రాసింగులన్నీ ఎత్తేశామని రైల్వే గొప్పగా చెప్పుకుంది. అది మంచి పనే. కానీ మన కాలిబాటని ఎప్పుడూ క్రాసింగ్‌గానే గుర్తించలేదు కదా. లేని దాన్ని ఎత్తేయడం ఎలా?

పైగా సుప్రీంకోర్టు 1997లోనే ఒక కేసులో తేల్చింది. కేరళలో కాపలా లేని క్రాసింగ్ దగ్గర జరిగిన ప్రమాదం అది. ప్రభుత్వం ఆదేశించినా ఆదేశించకపోయినా, జనం దాటే చోట జాగ్రత్త తీసుకునే బాధ్యత రైల్వేకి సొంతంగా ఉందని చెప్పింది. అది రోడ్డు క్రాసింగ్ గురించి. మన కాలిబాటకి ఆ మాట ఎందుకు వర్తించదో వాళ్ళని చెప్పమనండి.

ఒక మాట రాతలో తేడా, 8 లక్షల తేడా

ఇది జాగ్రత్తగా చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.

టికెట్ ఉన్న ప్రయాణికుడు రైలు నుంచి పొరపాటున పడి చనిపోతే, తప్పు ఎవరిదని చూడకుండా రైల్వే నష్టపరిహారం ఇవ్వాలి. ఇది సెక్షన్ 124ఏ. 2017 జనవరి 1 నుంచి మరణానికి ఆ మొత్తం 8 లక్షలు. రైలు ఎక్కుతూ దిగుతూ పడిపోయినా ఇది వర్తిస్తుందని, శవం దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదని తేల్చేయకూడదని సుప్రీంకోర్టు 2018లో రీనా దేవి కేసులో చెప్పింది. కుటుంబం ప్రమాణపత్రం ఇచ్చి, పరిస్థితులు చూపించవచ్చు. అదే మనిషి "పట్టాలు దాటుతూ చనిపోయాడు" అని రాస్తే అతను అతిక్రమణదారుడు. ఈ పరిహారంలో ఒక్క రూపాయి రాదు.

మన చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం పొట్టిగా ఉంటుంది, చీకటిగా ఉంటుంది. దిగుతూ పడినవాడి శవం కూడా పట్టాల మీదే దొరుకుతుంది. ఏం రాస్తారన్నది ఆ కాగితం పట్టుకున్నవాళ్ళ చేతిలో ఉంటుంది. అందుకే పంచనామా దగ్గర మన ఊరి చదువుకున్న పిల్ల గానీ పిల్లోడు గానీ ఒకరు ఉండి తీరాలి. చదవకుండా ఎవరూ వేలిముద్ర వేయొద్దు. ఎక్కడ నుంచి ఎక్కడికి బయల్దేరాడో, ఎవరు చూశారో చెప్పి రాయించండి. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి. పెద్దకర్మ అయ్యాక చూద్దాం అనుకుంటే ఏడాది ఇట్టే పోతుంది.

ఇప్పుడే ఎందుకు?

ఎందుకంటే కొత్తవలస నుంచి కోరాపుట్ దాకా రెండో లైను పనులు నడుస్తున్నాయి. ఒక లైను రెండవుతోంది. ఇప్పటిదాకా ఒక బండిని చూసుకుని దాటేవాళ్ళం. రేపు ఒక బండి పోయిందని అడుగు వేస్తే, దాని చాటు నుంచి రెండోది వస్తుంది. ప్రమాదం రెట్టింపు అవుతుంది, దారి మాత్రం సున్నానే ఉంటుంది. కొత్త లైను వేస్తున్నారంటే కొత్తగా అడ్డం వేస్తున్నట్టే. కాబట్టి సెక్షన్ 16 బాధ్యత కూడా కొత్తగా మొదలవ్వాలన్నది మన వాదన. పాత లైను గడువు చూపించి తప్పించుకోనివ్వకూడదు. కాంక్రీటు ఆరకముందే అడగాలి. ఆరాక అడిగితే మళ్ళీ పదేళ్ళ లెక్క చెప్తారు.

చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి. ప్రతి ఊరూ తన దాటే చోట్లని రాసుకోవాలి. ఏ కిలోమీటరు రాయి దగ్గర, రోజుకి ఎంతమంది, దేనికోసం దాటుతున్నారు. ఫోన్‌లో ఫోటో తీయండి. 1960లలో మన బాట మ్యాపులో లేదు. ఈసారి మ్యాపు మనమే గీద్దాం.

రెండు. గ్రామసభలో తీర్మానం చేయండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుకి భూమి తీసుకునే ముందు గ్రామసభని గానీ పంచాయతీని గానీ సంప్రదించాలని 1996 పీసా చట్టం చెప్తోంది. తీర్మానంలో సెక్షన్ 16, 17 అని నంబర్లు వేసి, ఏ చోట సబ్‌వే కావాలో, ఏ చోట నడక వంతెన కావాలో స్పష్టంగా రాయండి. కాపీలు కలెక్టర్‌కి, ఐటీడీఏకి, డివిజనల్ రైల్వే మేనేజర్‌కి. రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

మూడు. సమాచార హక్కు కింద రెండే ప్రశ్నలు వేయండి. మా మండలంలో అకామడేషన్ వర్క్స్ ఎన్ని, ఎక్కడెక్కడ? రాష్ట్ర ప్రభుత్వం ఎప్పుడు, ఏమని అభిప్రాయం ఇచ్చింది? "సమాచారం లేదు" అని జవాబు వస్తే అది కూడా సాక్ష్యమే.

నాలుగు. 147 కింద ఎవరినైనా పట్టుకుంటే ఒంటరిగా వదలొద్దు. నేరం ఒప్పుకుని 500 కట్టేసి రావడం తేలిక. కానీ వేరే దారి లేదన్న సంగతి ప్రతిసారీ కోర్టు కాగితం మీదకి ఎక్కాలి. లాయర్ లేకపోతే మండల న్యాయ సేవల కమిటీని అడగండి, ఎస్టీలకి ఉచితం.

మిత్రులారా, రేపు కూడా మన అవ్వ పట్టాలు దాటుతుంది. ఆమెకి చేను అవతల ఉంది. ఆమెని ఆపమని మనల్ని అడుగుతున్నారు. ఆమె కింద నుంచో, పై నుంచో దాటే దారి కట్టమని మనం అడుగుతున్నాం. ఆ దారి కట్టిన రోజు, ఆ తర్వాత కూడా ఎవరైనా పట్టాల మీద నడిస్తే, అప్పుడు అతిక్రమణ అనండి, ఒప్పుకుంటాం. అప్పటిదాకా ఆ పేరు మాకు చెల్లదు. దారిని కోసినోళ్ళకి చెల్లుతుంది.

ఇది మీ ఊరి గ్రూపులో పంచండి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించండి.

జోహార్. మా ఊళ్ళో మా రాజ్యం.